ఎవరికి కలపమంటారు?

ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. చెవులకి హెడ్‌సెట్టు, ఎదురుగా బోర్డు, బోర్డు నిండా తీగలు. "ఎవరికి కలపమంటారు?" అన్నమాట రోజుకి ఐదారు వందలసార్లు అని ఉంటాను. ఎంతమందివి ఎన్ని సంగతులు నా చెవిలోంచి పోయాయో లెక్కలేదు. ఒక్కటీ గడప దాటించలేదు. ఇది నా డబ్బా నేను కొట్టుకోవడం కాదు, మా ఆయన్ని అడగండి. "పక్కింటివాళ్ళు ఇల్లు మారుతున్నారని వాళ్ళ సామాను బండెక్కేదాకా నాకు తెలీదు. ఈవిడకి మూడు నెలల ముందే తెలుసు" అని ఇప్పటికీ దెప్పుతారు.

అందుకే, నేను రిటైరయ్యాక పాస్టరుగారు "చర్చిలో కౌన్సిలింగు గది పెడదామనుకుంటున్నానమ్మా, మీరు చూసుకుంటారా?" అని అడిగినప్పుడు వెంటనే సరేనన్నాను. రెండేళ్ళు శనివారాలు క్లాసులకి వెళ్ళి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను. చర్చి వెనకాల మడత కుర్చీలు పేర్చే గదిలో సగం ఖాళీ చేయించి, రెండు మంచి కుర్చీలు, ఒక స్టూలు, కిటికీకి తెర పెట్టించాను. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా అక్కడే ఉంటాను. ఎక్స్ఛేంజి ఆంటీ అంటే మా సంఘంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

నేను డాక్టర్లకి పోటీ కాదు. మూడు వారాలు నిద్రలేనివాళ్ళనీ, చచ్చిపోవాలనుంది అన్నవాళ్ళనీ చెయ్యి పట్టుకుని నేనే ఆసుపత్రికి తీసుకెళ్తాను. అందులో మొహమాటం లేదు. కానీ నా గదికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది జబ్బుతో రారు. మోయలేని మాట ఒకటి మోసుకుంటూ వస్తారు. ఆ మాట ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పకుండా మిగతా అందరికీ చెప్పి ఉంటారు. అందుకే బైబిలు వాక్యం తెరవకముందు, ప్రార్థన చెయ్యకముందు నా పాత ప్రశ్నే అడుగుతాను. ఎవరికి కలపమంటారు? మనుషులతో సమాధానపడకుండా, అంటే రాజీ పడకుండా, దేవుడితో సమాధానం కుదరదని మా నమ్మకం. ఈ పద్ధతి పనిచేస్తుంది. తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను.

ఆ డ్రైవరమ్మాయి నా దగ్గరికి వచ్చేసరికి ఆమె సెలవులో ఉండి ఆరు వారాలు దాటింది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. సిటీ బస్సు నడుపుతుంది. వాళ్ళ డిపోలో స్టీరింగు పట్టిన ఆడవాళ్ళలో ఆమె మూడోది. తల్లితో కలిసి మా చర్చికి వస్తుంది గానీ వెనక వరసలో కూర్చుని, ఆఖరి పాట అవ్వకముందే వెళ్ళిపోయే రకం. డ్యూటీ టైము అలాంటిది మరి.

జరిగింది ఊళ్ళో అందరికీ తెలిసిందే. సాయంత్రం రద్దీ వేళ ఆమె స్టాపులోంచి బస్సు కదిలించింది. వెనకాల పరుగెత్తుకొస్తున్న ఒక పెద్దావిడ తూలి పడింది. మణికట్టు విరిగింది. విచారణ జరిగింది. తలుపు మూశాక మళ్ళీ తెరవకూడదన్నది రూలు. వెనకనుంచి పరుగెత్తేవాళ్ళు డ్రైవరుకి కనిపించకపోవచ్చు. డ్రైవరు తప్పు లేదు. అలా రాసి అందరిచేతా సంతకాలు పెట్టించుకుని ఫైలు మూసేశారు.

ఫైలు మూసిన మర్నాడు ఈ అమ్మాయి మామూలుగానే డ్యూటీ ఎక్కింది. ఇంజను స్టార్టు చేసింది. జనం ఎక్కారు. తలుపు మూసే బటను మీద వేలు పెట్టింది. వేలు నొక్కలేదు.

"నా వేలే ఆంటీ. నా మాట వినదు," అంది మొదటిరోజు, ఆ వేలుని వేరేవాళ్ళదేదో చూపిస్తున్నట్టు నాకు చూపించి. "వెనకాల జనం కేకలు. పది నిమిషాలు అలాగే కూర్చున్నాను. ఇంకో డ్రైవరొచ్చి నన్ను దింపాడు."

కంపెనీవాళ్ళు తమ కౌన్సిలరు దగ్గరికి పంపారు. ఎనిమిదిసార్లు వెళ్ళింది.

"ఎలా ఉండేది?" అన్నాను.

"మంచావిడే ఆంటీ. వెళ్ళగానే మంచినీళ్ళిచ్చేది. ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పింది. భయం ఒకటి నుంచి పదిదాకా ఎంతుందో కాగితం మీద వెయ్యమని, ఆ కాగితం బీరువాలో పెట్టి తాళం వేసేది. లేచి వచ్చేటప్పుడు ప్రతిసారీ 'ఇందులో నీ తప్పేం లేదు, అది గుర్తుపెట్టుకో' అనేది."

"మరి?"

"ఆ మాట విన్నాక వెయ్యమని ఉంటే ప్రతిసారీ పదికి పది వేసేదాన్ని."

ఎక్స్ఛేంజిలో మాకో విద్య ఉండేది. లైను మీద ఇద్దరే మాట్లాడుతున్నా మూడో మనిషి ఫోనెత్తి వింటుంటే మాకు తెలిసిపోయేది. మాట వినపడదు, లైను బరువెక్కుతుంది, అంతే. ఆ అమ్మాయి మాటల్లో అలాంటి బరువు వినపడింది. తొందరపెట్టలేదు. మూడోసారి వచ్చిన మంగళవారం అడిగాను.

"ఎవరికి కలపమంటావు?"

కిటికీ తెర వంక చాలాసేపు చూసింది. "ఆవిడకి."

"ఏం చెబుతావు?"

"అద్దంలో చూశానని." గొంతు తగ్గించింది. "నాలుగు నిమిషాలు లేటుగా ఉన్నాను ఆంటీ. ఆవిడ చెయ్యెత్తి పరుగెత్తుకొస్తోంది. చూశాను. చూసే తలుపు మూశాను. ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. విచారణలో 'కనపడిందా?' అని కూడా అడగలేదు. కనపడి ఉండదని వాళ్ళే రాసుకున్నారు. అందరూ నా తప్పు లేదంటుంటే ఇంక నేను క్షమాపణ ఎవర్ని అడగను?"

నేను 'నీ తప్పు లేదు' అనలేదు. "తప్పేనమ్మా," అన్నాను.

అప్పుడు ఏడ్చింది. రెండు నెలల్లో అదే మొదటిసారి అని తర్వాత చెప్పింది. తప్పు ఉంది అన్నాక దానికి క్షమాపణ కూడా ఉంటుంది. లేని తప్పుని ఎవరు మాత్రం క్షమిస్తారు? ఇద్దరం మోకాళ్ళూని ప్రార్థన చేశాం. శనివారం పొద్దున్నే ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పాలని అనుకున్నాం. ఆవిడకి పాత మార్కెట్టు వెనక తాళంచెవులు చేసే కొట్టుంది. సోమవారం డిపోలో ఈ అమ్మాయికి పరీక్ష. ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుంటాడు, బస్సు నడిపి చూపించాలి. నడపలేకపోతే బస్సులు కడిగే షెడ్డులోకి మార్చేస్తారు. ఇక స్టీరింగు మాట మరిచిపోవాల్సిందే.

"శనివారం దాకా ఈ మాట ఎవరికీ తెలియకూడదు ఆంటీ. నేనే చెప్పాలి."

"ఎక్స్ఛేంజి ఆంటీ దగ్గరా ఆ మాట చెప్పేది?" అని నవ్వాను.

మర్నాడు బుధవారం. పదింటికి చర్చిలో స్త్రీల ప్రార్థన కూడిక. పన్నెండుమందిమి గుండ్రంగా కూర్చున్నాం. ఒకావిడ మోకాళ్ళు, ఒకావిడ కొడుకు ఉద్యోగం, ఇలా ప్రార్థన అంశాలన్నీ చెప్పుకున్నాం. నా గదిలో విన్నది కూడికలోకి తీసుకురావడం నాకు అలవాటు లేదు. ఆ రోజూ తేలేదు, అంశాలు చెప్పుకునేటప్పుడు. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. మేం ప్రార్థన చేస్తే రెండు నిమిషాల్లో అయ్యేది కాదు. మనసు కరిగేకొద్దీ మాట సాగుతుంది. ముందురోజు ఆ పిల్ల ఏడుపు నా గుండెలోనే ఉంది. నా ఎదుట దేవుడు తప్ప ఎవరూ లేరన్నట్టే ఉంది నాకు.

"ప్రభువా, అద్దంలో చూసి కూడా తలుపు మూసిన మా చిన్నదాని భారం నీకు తెలుసు," అన్నాను. "వచ్చే సోమవారం దాని చెయ్యి పట్టుకో."

మా కూడికలో ఆమెన్ ఎప్పుడూ తన్నుకొచ్చినట్టు వస్తుంది. ఆ రోజు ఒక్క క్షణం ఆలస్యమైంది. కళ్ళు తెరిచేసరికి పదకొండు మొహాలూ నా వంకే ఉన్నాయి. అప్పుడు తెలిసింది, లైను ఎవరికి కలిపానో.

మా క్వయరులో, అంటే పాటల బృందంలో, కింది స్వరం పాడే ఒకామె ఉంది. మైకు లేకుండానే చర్చి అంతా వినపడుతుందని అందరం ఆమెని మైకమ్మ అంటాం. మంచిది. ఎవరింట్లో కష్టమొచ్చినా అందరికంటే ముందు గిన్నె పట్టుకుని వెళ్ళేది ఆమే. ఆమె మరిది బస్సు డిపోలో మెకానిక్కు.

"ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి," అన్నాను గట్టిగా.

"అయ్యో, ఎవరికి చెప్తాం అక్కా? ప్రార్థనలోనే పెట్టుకుంటాం," అంది మైకమ్మ. ఆ మాట నిజంగానే అంది. ఆ సాయంత్రమే ప్రార్థనలో పెట్టమని మరిదికి చెప్పిందట.

గురువారం మధ్యాహ్నం మా ఆయన తలుపు తీసి, మళ్ళీ సగం మూసి లోపలికొచ్చారు.

"నీ డ్రైవరొచ్చింది. మొహం చూస్తే బస్సు కూడా తెచ్చినట్టుంది, మనమీదికి ఎక్కించడానికి. టీ పెట్టనా, వెనక తలుపులోంచి పారిపోనా?"

"టీ పెట్టండి."

ఆ అమ్మాయి కూర్చోలేదు. చేతిలో కూరగాయల సంచి అలాగే ఉంది. అందులో సగం టమాటాలే.

"మార్కెట్లో మీ మైకమ్మ నా భుజం మీద చెయ్యేసి, 'చూస్తే చూశావులే తల్లీ, తప్పులు చెయ్యనివాళ్ళెవరు, మేమందరం ప్రార్థన చేస్తున్నాం' అంది. టమాటాలు తూచేవాడు కూడా విన్నాడు." ఊపిరి పీల్చుకుంది. "మాకు కంపెనీ ఇచ్చిన ఆవిడ నా బాధ తగ్గించలేదేమో గానీ ఆంటీ, ఆవిడ బీరువాకి తాళం ఉంది."

నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేను నేర్పేది ఒకటుంది. క్షమాపణ అడిగేటప్పుడు 'కానీ' అనకండి, 'కానీ' తర్వాత వచ్చేదంతా మన లాయరు మాట్లాడేది అని చెప్తాను. నేను నోరు తెరిచేసరికి మొదట వచ్చిన మాట అదే.

"కానీ నేను దేవుడితోనే కదమ్మా..." అన్నాను. ఆ పైన ఆపేశాను. మళ్ళీ మొదలుపెట్టాను. "నేను తప్పు చేశాను. నీ మాట నాకిచ్చావు, నేను పన్నెండుమందిలో పారేశాను. నన్ను క్షమించు."

"ఇప్పుడు నాకు తీరిక లేదు," అంది.

వంటింట్లో గరిట చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఆ మాట నేను చెప్పాలి ఆంటీ. నా నోటితో. ఆవిడకి ఇంకెవరైనా చెప్పారనుకోండి, ఆ తర్వాత నేను వెళ్ళి ఏం చెప్పినా, బయటపడింది కాబట్టి వచ్చింది అనుకుంటుంది. నాకూ అలాగే అనిపిస్తుంది. ఇంక నా వేలు జన్మలో కదలదు." సంచి కిందపెట్టింది. "శనివారం దాకా ఆగను. ఇప్పుడే వెళ్తాను. చెప్పులేసుకోండి."

"నేనా?"

"మరి? మీరు చేసిన పనికి నేనొక్కదాన్నీ పరుగెత్తాలా?"

బస్సెక్కి వెళ్దామంటే వద్దంది. రెండు నెలలుగా బస్సు మెట్టు మీద కాలు పెట్టలేదట. నడిచాం. నలభై నిమిషాలు. నా మోకాళ్ళ సంగతి ఆ రోజు ఎవరూ ప్రార్థనలో పెట్టలేదు. వంతెన దాటాక, "నువ్వు ముందు ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, ఆ తర్వాత మెల్లిగా..." అని మొదలుపెట్టాను.

"ఆంటీ, మీరు మాట్లాడకండి."

మాట్లాడలేదు. ఆమె వేగంగా నడుస్తోంది. పెదాలు కదుపుతూ ఏదో అనుకుంటోంది. ప్రార్థనో, ఆవిడతో చెప్పాల్సిన మాటలో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. అంత నోరు మూసుకుని నేను ఎక్స్ఛేంజిలో తప్ప ఎక్కడా లేను.

కొట్టు మంచం పట్టేంత వెడల్పు ఉంది, అంతే. మూడు గోడల నిండా మేకులు, మేకులకి ఇంకా పళ్ళు చెక్కని తాళంచెవులు. నలభై ఏళ్ళ కొడుకు మిషను మీద వంగి తాళంచెవి అరగదీస్తున్నాడు. పక్కన ఎత్తు స్టూలు మీద పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్బై ఉంటాయి. కుడి మణికట్టుకి గట్టి పట్టీ. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో కొడుకు చేసిన చెవిని కళ్ళకి దగ్గరగా పట్టుకుని చూస్తోంది.

"మూడో పన్ను లోతు చాల్లేదు. మళ్ళీ గియ్యి," అని కొడుక్కి చెప్పి మా వైపు తిరిగింది. "ఏం తాళమమ్మా?"

"తాళం కాదమ్మా," అంది డ్రైవరమ్మాయి. "ఆ రోజు బస్సు నాది."

కొడుకు మిషను ఆపాడు. "అదంతా అయిపోయింది కదండీ. మీ తప్పు లేదని రాశారు, మేమూ సంతకం పెట్టేశాం. ఇంక మా అమ్మని ఎందుకు కదిలించడం?"

"తప్పు ఉందండీ," అంది ఆ అమ్మాయి. అతనితో కాదు, ఆవిడతో. "అద్దంలో మిమ్మల్ని చూశాను. మీరు చెయ్యెత్తారు. నేను నాలుగు నిమిషాలు ఆలస్యంగా ఉన్నాను. చూసే తలుపు మూశాను. నన్ను క్షమించండి."

'కానీ' అనలేదు. నేను పక్కనే ఉండి విన్నాను, ఎక్కడా అనలేదు.

పెద్దావిడ ఆమె వంక చూడలేదు. కొడుకు వైపు తిరిగింది.

"విన్నావా?"

అతను మిషను వంకే చూస్తున్నాడు.

"విన్నావా అని అడుగుతున్నా!" స్టూలు మీదనుంచి దిగింది. "రెండు నెలలు! 'అమ్మా, ఆ అద్దంలో మనిషి కనపడడు, నీకలా అనిపించిందంతే' అన్నావు. 'అమ్మా, పడినప్పుడు తలకేమైనా తగిలిందేమో' అన్నావు. నా కళ్ళూ ఆ పిల్ల కళ్ళూ కలిశాయిరా అంటే కోడలు మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావు. మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావు. ఇవాళ ఏ వారమో చెప్పమన్నాడమ్మా ఆయన నన్ను! మిషను దగ్గర కూర్చోనివ్వడం లేదు, వేలు తెగుతుందట. నలభై ఏళ్ళు నేను గీసిన చెవులతో ఈ ఊళ్ళో సగం ఇళ్ళు తెరుచుకుంటున్నాయి!"

"అమ్మా, నీ మంచికే కదా..."

"నువ్వు మళ్ళీ చెప్పు," అంది ఆవిడ డ్రైవరమ్మాయితో. "వాడి వైపు తిరిగి చెప్పు."

చెప్పింది. ఆవిడ తృప్తిపడలేదు. ఏ రంగు చీర కట్టుకున్నానో చెప్పమంది. "పసుపు. మీద నల్ల స్వెట్టరు. ఎడమచేతిలో గుడ్డసంచి," అంది ఆ అమ్మాయి ఠక్కున. రెండు నెలలుగా అదే చూస్తోంది కదా. కొడుకు గోడకి ఆనుకున్నాడు. మొహం తుడుచుకున్నాడు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకోబోతే, విరిగిన చెయ్యి అని గుర్తొచ్చి భుజం పట్టుకున్నాడు.

"పొద్దున మీ డిపో మెకానిక్కు ఒకడు బైకు తాళానికని వచ్చాడు," అంది పెద్దావిడ. "'డ్రైవరు చూసిందంటున్నారు' అని నసిగాడు. వీడు పుకారు అన్నాడు. నేనూ అదే అన్నాను. ఎవరో అన్నారట అంటే, అది నాకేం పనికొస్తుంది?"

డ్రైవరమ్మాయి తల తిప్పి నా వంక చూసింది. ఆ చూపులో ఏముందో చెప్పలేను గానీ మా ఇంటికి వచ్చినప్పటి కోపం మాత్రం లేదు. ఆమె మాట ఆమెకంటే ముందే వచ్చింది. ఎవరూ తీసుకోలేదు.

"ఆ పుకారు నా నోట్లోంచి పుట్టిందేనమ్మా," అన్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"నువ్వెవరు?"

"చర్చిలో కౌన్సిలింగు చేస్తాను."

"బాగానే చేస్తున్నావు," అంది ఆవిడ.

డ్రైవరమ్మాయికి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది గానీ కుదరలేదు.

వచ్చేముందు పెద్దావిడ ఆమెతో అంది. "క్షమించాను అని ఇప్పుడు అనలేను. చెయ్యి రాత్రిపూట లాగుతోంది. లాగినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. అదీ నిజమే, నీకు చెప్పాలి కదా. కానీ నువ్వు వచ్చావు. అది మర్చిపోను." ఆవిడ 'కానీ' అంది. ఆవిడకి ఆ హక్కుంది.

శుక్రవారం పొద్దున్నే ఆ అమ్మాయి డిపోకి వెళ్ళి ఉన్నదున్నట్టు కాగితం మీద రాసిచ్చింది. మేనేజరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడట. "ఎవరడిగారమ్మా నిన్ను? మూసేసిన ఫైలు అది!" అన్నాడట. ఆ సాయంత్రం ఈ సంగతి నాకు చెప్పడానికి నా గదికి రాలేదు, ఫోను చేసింది. గదికి ఆ రోజు ఎవరూ రాలేదు. ఐదింటిదాకా ఒక్కదాన్నే కూర్చున్నాను. బీరువా సంగతే ఆలోచించాను. నా దగ్గర బీరువా లేదు, పెట్టించను కూడా. నా దగ్గర కాగితాలుండవు. దాచాల్సిందంతా ఈ నోటి వెనకాలే దాచాలి. ఆ పని తెలిసినదాన్నేనన్న పొగరుతో తలుపు వెయ్యడం మర్చిపోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పదకొండుమందినీ ఆగమన్నాను. ముందే ఆ అమ్మాయిని అడిగాను. "మీ సంగతి చెప్పుకోండి, నా సంగతి కాదు," అంది. అలాగే చెప్పాను. నా గదిలో విన్న మాటని ప్రార్థన పేరుతో బయటపెట్టాననీ, దేవుడికి చెప్పుకోవాల్సింది నలుగురిలో చెప్పాననీ, ఇక ముందు గది సంగతులు గదిలోనే, గట్టిగా పలకకుండానే ప్రార్థిస్తాననీ అన్నాను. చెవులు కాలిపోయాయి. ముప్పై ఒక్క ఏళ్ళ మంచిపేరు అది.

మైకమ్మ లేచింది. "నేను కూడా," అంది. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "నేను మా మరిదికి చెప్పాను. మార్కెట్లోనూ అన్నాను. నా నోరు..." అని ఆగి, "మీకందరికీ తెలుసులే నా నోరు" అంది. అందరం నవ్వాం. నవ్వుతుంటేనే ఆమె ఏడ్చింది. పాస్టరుగారికి కూడా నా తప్పు చెప్పుకుని, గది ఇంకెవరికైనా అప్పగిస్తారా అని అడిగాను.

"ఇప్పుడే కదమ్మా ఆ గదికి మీరు సరిపోయారు," అన్నారు ఆయన.

సోమవారం పదింటికి పరీక్ష. తొమ్మిదిన్నర నుంచీ నేను ఫోను ముందు కూర్చున్నాను. మా ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు.

"ముప్పై ఏళ్ళు వెయ్యి ఫోన్లు పట్టుకుని కూర్చున్నదానివి. ఒక్క ఫోను ముందు ఇంత వణుకుతావేమిటోయ్?"

"వణకడం లేదు. ప్రార్థన చేస్తున్నాను."

"వినపడటం లేదే?"

"వినపడకుండా చేస్తున్నాను. మీరు పేపరు సరిగ్గా పట్టుకోండి, తలకిందులుగా ఉంది."

పదకొండుంపావుకి మోగింది. నేను హలో అనేలోపే ఆమె మొదలుపెట్టింది. వెనకాల డిపో గోల, ఏదో ఇంజను చప్పుడు.

"ఆంటీ, పద్నాలుగు స్టాపులు. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. మొదటి స్టాపులో చెమటలు పట్టాయి. వేలు బటను మీద పెట్టాను. అటూ ఇటూ చూశాను. రెండోసారి కూడా చూశాను. వెనకాల ఎవరూ రావడం లేదు. అప్పుడు నొక్కాను."

"మూసుకుందా?"

"మూసుకోక? మంచి బస్సు అది." నవ్వింది. నేను ఆ నవ్వు కొట్టులో ఒక్కసారే విన్నాను. "నాలుగో స్టాపు తర్వాత రెండోసారి చూడటం మానేశాను. పదో స్టాపు తర్వాత వేలు సంగతే మర్చిపోయాను. ఇన్‌స్పెక్టరు దిగేటప్పుడు, 'సరే, రెండింటి డ్యూటీకి రా' అన్నాడు."

"దేవునికి స్తోత్రం."

"ఫైల్లో రిమార్కు రాశారు ఆంటీ. డ్రైవరు ప్రయాణికురాలిని చూసింది, అయినా ఆగలేదు అని. ఏడాది పాటు ఉంటుందట. నాకు చదివి వినిపించి సంతకం పెట్టమన్నారు."

"పెట్టావా?"

"పెట్టాను. మొదటి కాగితం మీద కూడా నా సంతకమే ఉంది గానీ, అది పెట్టాక నిద్ర పోలేకపోయాను. ఇది చదివాక ఆకలేసింది." ఎవరో ఆమెని పిలిచారు. "వస్తున్నా!" అని అరిచింది.

పెట్టేస్తుందేమోనని నేను గబగబా అడిగాను. తొమ్మిదేళ్ళుగా ఇతరులచేత అడిగించిన ప్రశ్నే, నా నోటితో అడగడానికి నాలిక తిరగలేదు. "నన్ను క్షమించావా అమ్మాయ్?"

వెనకాల ఇంజను చప్పుడు వినపడింది. లైను మీద బరువేమీ లేదు. నాకు తెలుస్తుంది.

"పూర్తిగా ఇంకా లేదు ఆంటీ," అంది. "రేపు నాకు పొద్దున డ్యూటీ. రెండున్నరకి మీ గదికి వస్తాను. ఆ సంగతి అప్పుడు చూద్దాం."

ఫోను ముందు తనే పెట్టేసింది. మా ఆయన పేపరు దించి ఏమందని అడిగారు. "రేపొస్తానంది" అని మాత్రం చెప్పి, టీ పెట్టడానికి లేచాను.